కుటుంబ బ్యాండ్ గాయకుల్ని ఇంటివాళ్ళతో వినాలా, విడిగా వినాలా?

అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో కలిసి పెట్టుకున్న పాప్ బ్యాండ్‌లో దాదాపు ఎప్పుడూ ఒక గొంతు ముందుంటుంది. కొన్నేళ్ళు గడిచాక ఆ గొంతు సొంత ఆల్బమ్ చేస్తుంది, లేదా చెయ్యాలని చూస్తుంది. కొత్తగా వినేవాళ్ళకి చిక్కు అక్కడే మొదలవుతుంది. యాప్‌లో వెతికితే బ్యాండ్ పేరుతో ఒక పేజీ, గాయకుడి పేరుతో ఇంకో పేజీ కనిపిస్తాయి. దేనితో మొదలుపెట్టాలి?

ఇక్కడ నలుగుర్ని పోల్చి చూద్దాం: కార్పెంటర్స్ నుంచి కరెన్ కార్పెంటర్, బీ జీస్ నుంచి బ్యారీ గిబ్, జాక్సన్ 5 నుంచి మైకేల్ జాక్సన్, ద కోర్స్ నుంచి ఆండ్రియా కోర్. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ముగ్గురిని ఇంటివాళ్ళతోనే వినాలి. ఒక్కరిని మాత్రం విడిగా వినాలి. ఆ ఒక్కరు ఎవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది, కానీ అక్కడ కూడా బ్యాండ్‌ని పూర్తిగా దాటేస్తే నష్టమే.

ఎందుకిలా? ఒకే ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళ గొంతుల్లో పోలిక ఉంటుంది. అచ్చుల్ని సాగదీసే తీరు, ఊపిరి తీసుకునే చోటు, మాట చివర ఆగే పద్ధతి చిన్నప్పట్నించీ కలిసే అలవాటవుతాయి. వీళ్ళు హార్మొనీ (ఒకే పాటని వేర్వేరు స్వరాల్లో కలిపి పాడటం) పాడితే ఏ గొంతు ఎవరిదో విడదీయడం కష్టం. విడిగా పాడటానికి వచ్చిన గాయకుడు ఈ సదుపాయాన్ని ఇంట్లో వదిలేసి వస్తాడు. దాని బదులు ఏం తెచ్చుకున్నాడు? సోలో ఆల్బమ్ వినేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే.

కరెన్: విడిగా ఉన్నది ఒక్క ఆల్బమే

కరెన్ 1950లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో పుట్టింది. 1963లో కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీకి మారింది. అన్న రిచర్డ్ పియానో వాయించేవాడు, ఆమె డ్రమ్స్ వాయించేది. పేరొచ్చాక కూడా తనని డ్రమ్స్ వెనక నుంచి లేపి స్టేజీ ముందుకి తీసుకురావడం ఆమెకి ఇష్టం లేదు. 1969లో ఏ అండ్ ఎం రికార్డ్స్ వాళ్ళు ఇద్దరినీ తీసుకున్నారు. 1970లో 'క్లోజ్ టు యు' అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఆమె గొంతు గొప్పదనం కింది స్థాయిలో ఉంది. అక్కడ ఆమె గట్టిగా పాడదు, చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడుతుంది. ఈ విషయం రిచర్డ్‌కి బాగా తెలుసు. పాటని ఏ శ్రుతిలో పెట్టాలి, చుట్టూ వాయిద్యాలు ఎక్కడ తగ్గాలి అన్నదంతా ఆ గొంతుని దృష్టిలో పెట్టుకునే కూర్చేవాడు. వెనక వినిపించే కోరస్ పెద్ద బృందం అనుకుంటారు చాలామంది. అది చాలావరకు వీళ్ళిద్దరే, తమ గొంతుల్ని ఒకదాని మీద ఒకటి ఎన్నోసార్లు రికార్డ్ చేసుకుని తయారుచేసినది. అంటే కార్పెంటర్స్ పాటలో కరెన్ వెనక పాడుతున్నది కూడా సగం కరెనే.

సోలో ఆల్బమ్ కథ వేరు. 1979లో నిద్రమాత్రల అలవాటు నుంచి బయటపడటానికి రిచర్డ్ చికిత్సకి వెళ్ళాడు. ఆ ఖాళీలో కరెన్ న్యూయార్క్ వెళ్ళి, ఫిల్ రామోన్ నిర్మాతగా సొంత ఆల్బమ్ రికార్డ్ చేసింది. 1980లో వినిపిస్తే కంపెనీ పెద్దలకీ నచ్చలేదు, అన్నకీ నచ్చలేదు. పక్కన పెట్టేశారు. అది బయటికి వచ్చింది 1996లో, ఆమె పోయిన 13 ఏళ్ళకి.

విన్నాను, నచ్చిన పాటలున్నాయి. కానీ అందులో ఆమె ఎక్కువగా పై స్థాయిలో, తేలిగ్గా, కొన్నిచోట్ల డిస్కో తాళానికి పాడుతుంది. కింది స్థాయిలో ఉన్న ఆ బంగారాన్ని ముట్టుకోదు. అన్న నీడలోంచి బయటికి రావాలంటే అన్న కనిపెట్టిన గొంతుని కూడా వదిలెయ్యాలనుకుందేమో. మీకు ఆమె జీవితం మీద ఆసక్తి ఉంటే ఈ ఆల్బమ్ తప్పకుండా వినాలి, ఎందుకంటే ఆమె ఎంపికలు ఎక్కువగా కనిపించేది ఇందులోనే. పాట కోసం అయితే మూడోదిగా వినండి, మొదటిదిగా కాదు.

మొదటిది 1972లో వచ్చిన 'ఎ సాంగ్ ఫర్ యు'. అందులో 'గుడ్‌బై టు లవ్' అనే పాటలో టోనీ పెలుసో వాయించిన గరుకైన ఎలక్ట్రిక్ గిటార్ ఉంటుంది. కార్పెంటర్స్ అంటే మెత్తటి సంగీతం అని ముక్కు విరిచేవాళ్ళకి వినిపించాల్సిన పాట అది. రెండోది 1975 నాటి 'హొరైజన్', ఇది రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌కి.

ఒక జాగ్రత్త. హిట్ పాటల సంకలనాలు కొనేటప్పుడు చూసుకోండి. రిచర్డ్‌కి పాత పాటల్ని మళ్ళీ మళ్ళీ మిక్స్ చేసే అలవాటుంది. 1973లో వచ్చిన మొదటి సంకలనంలోనే పాటల మధ్య అతుకులు వేశాడు, ఒక పాత పాటకి కరెన్ చేత గొంతు మళ్ళీ పాడించాడు. 1980ల తర్వాతి సంకలనాల్లో చాలావాటిలో రీమిక్స్‌లే ఉన్నాయి. 1970లో రేడియోలో వచ్చిన శబ్దమే కావాలంటే అసలు ఆల్బమ్‌లకే వెళ్ళాలి.

కరెన్ 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్ళకే చనిపోయింది. అనొరెక్సియా (బరువు పెరుగుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) వల్ల గుండె దెబ్బతింది. ఇది తెలిశాక ప్రతి పాటలోనూ ఆ చావే వినిపిస్తుందంటారు కొందరు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. 1970 నాటి పాటలు పాడింది డ్రమ్స్ అంటే ప్రాణం పెట్టే 20 ఏళ్ళ అమ్మాయి. ఆ పాటలు ఆ వయసువే.

బ్యారీ: ముగ్గురిలో ముందు గొంతు ఎవరిది?

బీ జీస్ దగ్గర అసలు ప్రశ్నే మారిపోతుంది. పెద్దవాడు బ్యారీ 1946లో, కవలలు రాబిన్, మారిస్ 1949లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టారు. మాంచెస్టర్‌లో పెరిగి, 1958లో తల్లిదండ్రులతో ఆస్ట్రేలియా వెళ్ళారు. 1967లో ఇంగ్లండ్ తిరిగొచ్చి పేరు తెచ్చుకున్నారు. ఆ తొలి రోజుల్లో బ్యారీ ఎంత ముందుండేవాడో రాబిన్ కూడా అంతే. రాబిన్ గొంతులో సన్నటి వణుకు ఉంటుంది, ఒక్కసారి వింటే మర్చిపోరు. 1969లో సింగిల్‌గా (విడి రికార్డుగా) బ్యారీ పాడిన పాట వెయ్యాలా, రాబిన్ పాడినది వెయ్యాలా అన్న గొడవ ముదిరి రాబిన్ బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళి సొంతంగా ఒక పాట పాడితే అది బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్ళింది. 1970లో మళ్ళీ కలిశారు. 1971లో అమెరికాలో మొదటి నంబర్ వన్ వచ్చింది.

మీరు బీ జీస్ అంటే డిస్కో అనుకునేవాళ్ళైతే ఇక్కడ రెండు దార్లున్నాయి. 1975కి ముందు వాళ్ళు ఏడుపు పాటలు అందంగా పాడే ముగ్గురు అన్నదమ్ములు. 1975లో మయామీలో, అరిఫ్ మార్డిన్ నిర్మాతగా 'మెయిన్ కోర్స్' చేస్తున్నప్పుడు బ్యారీ తన ఫాల్సెటోని, అంటే గొంతుని సన్నగా బాగా పైకి తీసుకెళ్ళి పాడే తీరుని, కనిపెట్టాడు. 'నైట్స్ ఆన్ బ్రాడ్‌వే' పాటలో వెనక ఎవరైనా కేక లాంటిది వెయ్యమని మార్డిన్ అడిగితే బ్యారీ వేసిన కేక అది. అదే ఆల్బమ్‌లోని ఇంకో పాట తాళం, స్టూడియోకి వెళ్ళే దారిలో వంతెన మీద కారు చక్రాలు చేసే టకటక నుంచి పుట్టింది. రెండేళ్ళలో 'శాటర్‌డే నైట్ ఫీవర్' పాటలు వచ్చాయి. 1978లో ఆ ఆల్బమ్ అమెరికాలో 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. అక్కడి నుంచి ప్రపంచానికి బ్యారీ గొంతే బీ జీస్ గొంతు అయిపోయింది, రాబిన్ పక్కకి జరిగాడు.

నా సలహా: 'మెయిన్ కోర్స్'తో మొదలుపెట్టండి. పాత బీ జీస్, కొత్త బీ జీస్ ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన ఉన్నది అదొక్కటే. అందులో మీకు నెమ్మది పాటలు నచ్చితే వెనక్కి, 1960ల చివరికి వెళ్ళండి. కాళ్ళు కదిలితే ముందుకి వెళ్ళండి. హిట్ పాటల సంకలనంతో మొదలుపెడితే ఈ మలుపు తెలియదు, ఫాల్సెటో ఎప్పట్నించో ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇక బ్యారీ విడిగా చేసినవి. ఇక్కడ మూడో దారి ఒకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. బ్యారీ సోలో గొప్పతనం తన పేరుతో వచ్చిన ఆల్బమ్‌లలో లేదు, వేరేవాళ్ళకి రాసిచ్చిన పాటల్లో ఉంది. 1979లో డిస్కో మీద అమెరికాలో వ్యతిరేకత లేచి రేడియోలు బీ జీస్‌ని వెయ్యడం దాదాపు మానేశాయి. చికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పేల్చేశారు కూడా. అన్నదమ్ములు తెర వెనక్కి వెళ్ళారు. 1980లో బార్బ్రా స్ట్రైసాండ్‌కి బ్యారీ చేసిన 'గిల్టీ' తీసుకోండి. పాడింది ఆవిడ, వెనక మెత్తగా నడిచేది బ్యారీ, రాతలో అన్నదమ్ముల చెయ్యి కూడా ఉంది. 1983లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్ పాడి నంబర్ వన్ చేసిన జంట పాట ముగ్గురూ కలిసి రాసిందే. తన పేరుతో 1984లో చేసిన ఆల్బమ్ కంటే ఇవే మేలు. తక్కువ సమయం ఉన్నవాళ్ళు 1984 దాన్ని నిరభ్యంతరంగా వదిలెయ్యొచ్చు.

చిన్న తమ్ముడు ఆండీ అధికారికంగా ఎప్పుడూ బ్యాండ్‌లో లేడు. మొదటి మూడు సింగిల్స్‌నీ అమెరికాలో నంబర్ వన్ చేసి, 1988లో 30 ఏళ్ళకే పోయాడు. మారిస్ 2003లో, రాబిన్ 2012లో చనిపోయారు. బ్యారీ ఒక్కడే మిగిలాడు. నాష్‌విల్‌లో కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకులతో పాత పాటలు మళ్ళీ పాడి 2021లో 'గ్రీన్‌ఫీల్డ్స్' తెచ్చాడు. పని నాణ్యంగా ఉంది. పాత రికార్డులు విన్నాక వినండి. అప్పుడే ఏ చోట ఎవరు పాడాలో, ఇప్పుడు ఎవరు పాడుతున్నారో తేడా తెలుస్తుంది.

మైకేల్: మినహాయింపు

ఇండియానాలోని గ్యారీ అనే ఉక్కు ఊరు. తండ్రి ఉక్కు మిల్లులో క్రేన్ నడిపేవాడు, కొడుకుల్ని కఠినంగా సాధన చేయించేవాడు. మోటౌన్ కంపెనీ తీసుకున్నాక జాక్సన్ 5 మొదటి నాలుగు సింగిల్స్ వరసగా నంబర్ వన్ అయ్యాయి. ఈ కథలో కంపెనీ ప్రచారం కొంత కలిపింది. మైకేల్ వయసు తగ్గించి చెప్పారు. వాళ్ళని కనిపెట్టింది డయానా రాస్ అని చెప్పారు, నిజానికి మోటౌన్ దాకా తెచ్చింది బాబీ టేలర్. రికార్డుల మీద వాయించింది కూడా చాలావరకు స్టూడియో కళాకారులే. అన్నదమ్ములు పాడారు. కాబట్టి మోటౌన్ రికార్డుల్లో అన్నదమ్ముల బ్యాండ్ పనితనం కోసం వెతక్కండి. పదకొండేళ్ళ పిల్లాడు పెద్దవాళ్ళ ప్రేమ పాటని ఎలా మోశాడో వినండి, అంతే.

నేను చెప్పే మార్గం ఇది. మోటౌన్ నుంచి ఒక సంకలనం చాలు. ఆ తర్వాత వాళ్ళు ఎపిక్ అనే కంపెనీకి మారారు, పేరు మోటౌన్‌ది కాబట్టి ద జాక్సన్స్ అయ్యారు. జెర్మేన్ మోటౌన్ యజమాని అల్లుడు కావడంతో అక్కడే ఉండిపోయాడు, చిన్నవాడు రాండీ అతని చోటుకి వచ్చాడు. 1978లో వచ్చిన 'డెస్టినీ' వాళ్ళు తమ చేతుల్లోకి తీసుకుని చేసిన ఆల్బమ్. ఇది వినకుండా 1979 నాటి 'ఆఫ్ ద వాల్'కి దూకితే దాని నిర్మాత క్విన్సీ జోన్స్ ఒక్కడే మైకేల్‌ని పెద్దవాణ్ణి చేశాడనుకుంటాం. ఏడాది ముందే, తమ్ముడితో కలిసి రాసిన పాటలో, ఆ తాళం జ్ఞానం అంతా ఉంది.

ఆ తర్వాత మాత్రం విడిగానే. నేను పైన అడిగిన ప్రశ్నకి గట్టి జవాబిచ్చింది ఇతనొక్కడే. అన్నల గొంతుల బదులు తన గొంతునే పొరలుపొరలుగా పేర్చుకున్నాడు, నోటితోనే తాళం కట్టాడు, నిర్మాతగా తనతో సమానంగా వాదించగల మనిషిని తెచ్చుకున్నాడు. 1982లో వచ్చిన 'థ్రిల్లర్' గురించి చెప్పడానికి కొత్తగా ఏం లేదు. 1984లో అన్నదమ్ములతో చేసిన 'విక్టరీ' ఆల్బమ్‌ని వదిలెయ్యండి. ఒక ఇంట్లో ఉంటూ ఎవరి గదిలో వాళ్ళు తలుపులేసుకున్నట్టుంటుంది.

మైకేల్ మీద పిల్లల పట్ల లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. 2005లో కాలిఫోర్నియా జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. 2009లో చనిపోయాక మళ్ళీ ఆరోపణలు వచ్చాయి. ఇది పక్కన పెట్టి వినగలరా లేదా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి. వినలేమనుకునేవాళ్ళకి ఈ జాబితాలో ఇంకో ముగ్గురున్నారు.

ఆండ్రియా: వాయిద్యాలు కూడా ఇంటివే

ఐర్లండ్‌లోని డండాక్‌లో పుట్టిన నలుగురు: జిమ్, షారన్, కరోలిన్, ఆండ్రియా. అమ్మానాన్నలు పబ్‌లలో పాడేవాళ్ళు. 1991లో వచ్చిన 'ద కమిట్‌మెంట్స్' సినిమా ఆడిషన్ కోసం నలుగురూ బ్యాండ్‌గా కలిశారు. చిన్నదైన ఆండ్రియాకి అందులో మాటలున్న వేషం దొరికింది. జిమ్ గిటార్, కీబోర్డ్, షారన్ వయొలిన్, కరోలిన్ డ్రమ్స్, బోధ్రాన్ (ఐరిష్ డప్పు), ఆండ్రియా గొంతు, టిన్ విజిల్ (చిన్న రేకు పిల్లనగ్రోవి). మిగిలిన మూడు బ్యాండ్లకీ వీళ్ళకీ ఇక్కడే తేడా. హార్మొనీయే కాదు, వయొలిన్, విజిల్ కలిసి వాయించే జానపద ట్యూన్ కూడా ఇంటి ఆస్తి. పాట మధ్యలో ఆండ్రియా పాడటం ఆపి విజిల్ తీసుకుంటే అక్కతో మాట్లాడటం మొదలుపెట్టినట్టుంటుంది.

అందుకే ఆండ్రియా సోలో నాకు ఎప్పుడూ బోసిగా అనిపిస్తుంది. 2007లో నెల్లీ హూపర్ నిర్మాతగా చేసిన 'టెన్ ఫీట్ హై' తెలివైన ఎలక్ట్రానిక్ పాప్, అమ్మకాల్లో నిలబడలేదు. 2011లో వేరేవాళ్ళ పాటల్ని తన తీరులో పాడిన 'లైఫ్‌లైన్స్' దానికంటే మెరుగు. గొంతు నెమ్మదించింది, ఎవరినీ మెప్పించాల్సిన తొందర లేదు. రెండిట్లో ఒకటి వినాలంటే ఇదే.

బ్యాండ్ వైపు ఎంపిక తేలిక. 1999లో ఎంటీవీ కోసం చేసిన 'అన్‌ప్లగ్డ్'తో మొదలుపెట్టండి. రేడియో కోసం వేసిన మెరుగులు లేకుండా ఎవరు ఏం వాయిస్తున్నారో తేటగా వినిపిస్తుంది. వీడియో కూడా చూస్తే ఇంకా మంచిది. 'టాక్ ఆన్ కార్నర్స్' 1998లో బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్. కానీ అది రెండు రకాలుగా దొరుకుతుంది. 1997 నాటి అసలు రూపం ఒకటి, రీమిక్స్‌లు కలిపిన 1998 నాటి ప్రత్యేక కూర్పు ఒకటి. హిట్ అయిన పాటలు మీకు తెలిసిన రూపంలో కావాలంటే రెండోది. వయొలిన్ కావాలంటే మొదటిది. 2000లో వచ్చిన 'ఇన్ బ్లూ'లో బ్రిటన్ నంబర్ వన్ పాట ఉంది, ఇంటి వాసన మాత్రం తక్కువ. 2005 నాటి 'హోమ్'లో ఎక్కువగా ఐరిష్ పాటలు, 1999లో పోయిన అమ్మ పాటల పుస్తకం నుంచి తీసుకున్నవి కూడా ఉన్నాయి. జానపదం ఇష్టమైతే నేరుగా ఇక్కడికే రావచ్చు, మిగతావి ఆగుతాయి. ఆ తర్వాత బ్యాండ్ పదేళ్ళు ఆగి 2015లో తిరిగొచ్చింది.

ఎవరికి ఏది?

గొంతు ఒక్కటే ముఖ్యం, మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు అనుకుంటే కరెన్. పాట ఎలా కడతారో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి, తాము కూడా రాసేవాళ్ళకి బ్యారీ, అదీ స్ట్రైసాండ్ ఆల్బమ్‌తో సహా. నాట్యం, తాళం అయితే మైకేల్. వాయిద్యం నేర్చుకుంటున్నవాళ్ళకి కోర్స్. ముఖ్యంగా ఇంట్లో తోబుట్టువులతో కలిసి వాయించే పిల్లలుంటే అన్‌ప్లగ్డ్ వీడియో చూపించండి. జీవిత కథ కోసం అయితే మళ్ళీ కరెనే, కాకపోతే మనసు కాస్త గట్టిగా ఉన్న రోజు చూసుకుని.

విడిపోవడాలు, చావులు లేని కథ కావాలంటే ఓక్లహోమాలోని టల్సా నుంచి వచ్చిన హాన్సన్ ఉన్నారు. 1997లో 'మ్‌బాప్' పాట ప్రపంచమంతా మోగినప్పుడు చిన్నవాడు జాక్‌కి పదకొండేళ్ళు. పెద్ద కంపెనీతో పొసగక 2003లో సొంత లేబుల్ పెట్టుకున్నారు. ముందు గొంతు టేలర్‌దే అయినా మిగతా ఇద్దరూ ముఖ్య గాయకులుగా పాడతారు, అందుకే ఇక్కడ సోలోనా, బ్యాండా అన్న ప్రశ్న పెద్దగా రాదు. వాళ్ళ మొదటి హిట్ ఒక్కటే విన్నవాళ్ళు 2004 నాటి 'అండర్‌నీత్' వినండి. గొంతులు మారాక ముగ్గురూ కలిసి పాడటం అందులో బాగుంటుంది.